బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు, ఆర్వెల్ చెప్పలేదు

ఏ వింత జరిగినా మన ఇళ్ళల్లో ఎవరో ఒక పెద్దాయన "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అనేస్తారు. కరోనా వచ్చినప్పుడు కూడా అన్నారు, వాట్సాప్‌లో పద్యంతో సహా తిరిగింది. ఈ మధ్య ఇంగ్లీషు నవలలు చదివే మా బ్యాచ్‌లో అదే మాట '1984' నవల రాసిన ఆర్వెల్ మీదికి మళ్ళింది. చెప్పుల గురించి మాట్లాడుకున్న కాసేపటికి ఫోన్లో చెప్పుల యాడ్ వచ్చిందా, ఆర్వెల్ అప్పుడే చెప్పాడు. సెంటర్లో కొత్తగా నాలుగు సీసీ కెమెరాలు పెట్టారా, ఆర్వెల్ అప్పుడే చెప్పాడు. పిల్లలు చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని అన్నానికి పిలిచినా పలకట్లేదా, 'ఫారెన్‌హీట్ 451' రాసిన బ్రాడ్‌బరీ అప్పుడే చెప్పాడు.

నాకు ఈ మాట వింటే చిరాకు. వాళ్ళెవరూ జోస్యం చెప్పలేదు. తాము పనిచేసిన ఆఫీసు గురించి, తిన్న రేషన్ గురించి, చూసిన జైలు గురించి రాసి, దానికి వేరే ఏడాది పేరు తగిలించారు, అంతే. డిస్టోపియా నవలని, అంటే మనుషుల్ని నలిపేసే పాడు లోకాన్ని ఊహించి రాసిన నవలని, కాలజ్ఞానంలా చదివితే ఏది నిజమైంది, ఏది కాలేదు అని టిక్కులు పెట్టుకోవడమే మిగులుతుంది. అసలు సరుకు ఆ టిక్కుల బయట ఉంటుంది.

ఆర్వెల్‌నే తీసుకోండి. పుట్టింది మన బీహార్‌లోని మోతీహారిలో, 1903లో. తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి. తను పెద్దయ్యాక బర్మాలో ఐదేళ్ళు పోలీసు ఉద్యోగం చేశాడు, అంటే నిఘా పెట్టేవాళ్ళ వైపు నుంచే జీవితం మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం టైములో, 1941 నుంచి 1943 దాకా, బీబీసీ ఈస్టర్న్ సర్వీస్‌లో కూర్చుని ఇండియాలోని శ్రోతల కోసం యుద్ధ వార్తల మీద స్క్రిప్టులు రాశాడు, ఆ స్క్రిప్టులు సెన్సారు చూశాకే చదవాలి. భార్య ఐలీన్ అదే యుద్ధంలో సెన్సారు విభాగంలో పనిచేసింది. యుద్ధం అయిపోయాక కూడా ఇంగ్లండ్‌లో రేషన్ పోలేదు సరికదా, యుద్ధంలో లేని బ్రెడ్డు రేషన్ 1946లో కొత్తగా వచ్చింది. '1984' బయటికొచ్చింది 1949 జూన్‌లో. ఇప్పుడు ఆ నవలలో సరిగ్గా గొరగని బ్లేడు, రాలిపోయే సిగరెట్టు, క్యాంటీన్‌లో నీళ్ళ కూర గుర్తు చేసుకోండి. ఎక్కడో భవిష్యత్తులోంచి తెచ్చినవి కావు, లండన్‌లో ఆయన రోజూ చూసినవే.

అందులో అందరూ టెలిస్క్రీన్ గురించి, అంటే ఇంట్లో మనల్నే చూస్తూ ఉండే టీవీ గురించి మాట్లాడతారు. నాకు మాత్రం చాక్లెట్ రేషన్ దగ్గరే గుండె జారుతుంది. ఆ ఏడాది చాక్లెట్ రేషన్ తగ్గించబోమని మంత్రిత్వశాఖ మాట ఇచ్చి ఉంటుంది. తర్వాత 30 గ్రాముల నుంచి 20కి తగ్గిస్తున్నామని ప్రకటిస్తారు. కథానాయకుడు విన్‌స్టన్ ఉద్యోగం ఏమిటంటే పాత పేపర్లో ఉన్న ఆ మాటని తీసేసి, "ఏప్రిల్లో తగ్గించాల్సి రావచ్చు" అని ముందే హెచ్చరించినట్టు మార్చి రాయడం. రాస్తాడు, పాత కాగితాన్ని గోడలో ఉన్న కంతలో పడేస్తాడు, అది కాలిపోతుంది. ఇక్కడిదాకా మామూలు అబద్ధమే. ఆ మధ్యాహ్నమే క్యాంటీన్‌లో తింటూ ఉంటే వార్తలొస్తాయి: చాక్లెట్ రేషన్‌ని వారానికి 20 గ్రాములకి పెంచినందుకు అక్కడి అధినేత బిగ్ బ్రదర్‌కి కృతజ్ఞతగా జనం ఊరేగింపులు తీశారట. పెంచినందుకు! తగ్గిస్తున్నామని చెప్పి ఒక్క రోజే అయింది. అదే టేబుల్ దగ్గర పార్సన్స్ అనే పొరుగింటాయన హాయిగా నమ్మేస్తాడు. తెలివైనవాడు సైమ్ కూడా నమ్ముతాడు, కాకపోతే కాస్త మెలికలు తిరిగి నమ్ముతాడు. ఇది గుర్తున్నది ఇక్కడ నా ఒక్కడికేనా అని విన్‌స్టన్ బిక్కమొహం వేస్తాడు.

ఈ సీన్‌లో కెమెరాకి ఏం పని లేదు. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. గుర్తుపెట్టుకునేవాడు ఒంటరివాడైపోయాడు, అంతే జరిగింది. నిన్నటి మాటని ఇవాళ మార్చేసే నాయకుడిని చూసి మనం నవ్వుకోగలుగుతున్నాం అంటే, పాత వీడియో ఇంకా ఎవరి దగ్గరో ఉంది కాబట్టే.

ఆర్వెల్ కంటే ముందే ఈ దారి వేసినవాడు జమ్యాతిన్ అనే రష్యన్ ఇంజనీరు. ఆయన నవల 'మేము' రాసింది 1920, 21 ప్రాంతంలో. సొంత దేశంలో అచ్చవ్వలేదు, 1924లో న్యూయార్క్‌లో ఇంగ్లీషులో వచ్చింది, రష్యాలో రావడానికి 1988 దాకా ఆగాల్సి వచ్చింది. జమ్యాతిన్‌ని జారు పోలీసులూ జైల్లో పెట్టారు, విప్లవం తర్వాత బోల్షెవిక్కులూ పెట్టారు. చివరికి 1931లో స్టాలిన్‌కే ఉత్తరం రాసి దేశం వదిలి, 1937లో పారిస్‌లో పోయాడు. అందుకని ఈ నవలని కమ్యూనిజం మీద విమర్శ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కానీ ఆయన ఓడలు కట్టే ఇంజనీరు, 1916లో ఇంగ్లండ్ వెళ్ళి న్యూకాసిల్ దగ్గర మంచు పగలగొట్టే ఓడల నిర్మాణం పర్యవేక్షించినవాడు. నవలలో అందరూ దేవుడిలా తలుచుకునేది మార్క్స్‌ని కాదు, టేలర్‌ని. అంటే పనివాడి ప్రతి కదలికనీ స్టాప్‌వాచ్‌తో కొలిచి, ఎంత తక్కువ సమయంలో ఎంత ఎక్కువ పని లాగొచ్చో లెక్కగట్టిన అమెరికన్ మేనేజ్‌మెంట్ గురువు.

ఆ నవల్లో మనుషులకి పేర్లుండవు, నంబర్లుంటాయి. కథ చెప్పేవాడి పేరు డి-503. ఇళ్ళన్నీ గాజువి. అందరూ ఒకే క్షణంలో నిద్ర లేస్తారు, ఒకే క్షణంలో చెంచా ఎత్తుతారు, ముద్దకి యాభై సార్లు నమలాలని చట్టం. కర్టెన్ దించుకోవాలంటే గులాబీ రంగు కూపన్ కావాలి, అది ఎందుకిస్తారో మీరే ఊహించుకోండి. ఇవన్నీ డి-503 ఫిర్యాదుగా చెప్పడు, మురిసిపోతూ చెబుతాడు, పాత కాలం మనుషులు టైమ్‌టేబుల్ లేకుండా ఎలా బతికారో అని జాలి పడతాడు. నేను పనిచేసిన ఒక కంపెనీలో చాట్ యాప్‌లో పేరు పక్కన పచ్చ చుక్క ఐదు నిమిషాలు పోతే మేనేజర్ ఫోన్ చేసేవాడు. మేమందరం తిట్టుకున్నాం, సరే. కానీ ఒకాయన ఉండేవాడు, నెలాఖర్లో తన చుక్క ఎంతసేపు పచ్చగా ఉందో అందరికీ గర్వంగా చూపించేవాడు. ఈ నవల చదువుతుంటే నాకు మేనేజర్ గుర్తు రాలేదు, ఆయన గుర్తొచ్చాడు.

1932లో హక్స్‌లీ రాసిన 'బ్రేవ్ న్యూ వరల్డ్' సంగతి వేరు. దానికి అలవాటుగా చెప్పే అర్థం, జనాన్ని భయపెట్టక్కర్లేదు, సుఖపెడితే చాలు అని. సోమా మాత్ర వేసుకుంటే దిగులుండదు, ఇప్పుడు సోమా అంటే రీల్స్ అని అందరూ రాస్తారు కాబట్టి దాన్ని వదిలేస్తున్నా. మన తెలుగువాడు ఆ నవల తెరిస్తే మొదట కళ్ళకి కొట్టాల్సింది కులం. పిండం సీసాలో ఉన్నప్పుడే ఇది అన్నిటికంటే పై వర్గం ఆల్ఫా, ఇది అన్నిటికంటే కింది వర్గం ఎప్సిలాన్ అని రాసిపెట్టేస్తారు, కింది వర్గపు పిండాలకి ఆక్సిజన్ తగ్గిస్తారు, ఒకే గుడ్డులోంచి 96 మంది దాకా ఒకేలాంటి కూలీల్ని తీస్తారు. నిద్రపోయే పిల్లల చెవుల దగ్గర రాత్రంతా పాఠాలు వినిపిస్తారు. బీటా పిల్లలకి వినిపించే పాఠం ఇలా ఉంటుంది: ఆల్ఫాలు మనకంటే తెలివైనవాళ్ళే కానీ పాపం చాలా కష్టపడాలి, మనకి ఆ బాధ లేదు, పైగా మనం గామాలకంటే, డెల్టాలకంటే ఎంతో మేలు.

ఈ రెండు వాక్యాల్లో యంత్రమంతా ఉంది. పైవాడి మీద అసూయ రాకూడదు, కిందివాడొకడు ఎప్పుడూ ఉండాలి. కులాలు మెట్లు మెట్లుగా ఉంటాయని, ఆ మెట్ల వల్లే అందరూ కలిసి దాని మీద తిరగబడలేకపోతున్నారని అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశాడు, అంటే హక్స్‌లీ నవల వచ్చిన నాలుగేళ్ళకి. మనకి సీసాలు, కరెంటు షాకులు, స్పీకర్లు ఏవీ అవసరం రాలేదు. నాయనమ్మ, పెళ్ళి సంబంధాలు, ఊరి బావి, ఇవి సరిపోయాయి. ఇంగ్లీషు పాఠకుడికి ఊహకందని భయంలా అనిపించే ఏర్పాటు మనకి ఇంటి విషయం కావడం ఎంత సిగ్గో, ఆ నవల మీద నేను చూసిన తెలుగు సమీక్షల్లో ఆ ఒక్క మాట లేకపోవడం అంతకంటే వింత.

ఎవరికి ఊహ, ఎవరికి ఇంటి విషయం అన్న ఇదే ప్రశ్న మార్గరెట్ అట్‌వుడ్ 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్'కీ వస్తుంది. 1984లో పశ్చిమ బెర్లిన్‌లో, గోడ ఇంకా నిలబడి ఉండగా ఆమె అది మొదలుపెట్టింది. తనకి తనే పెట్టుకున్న నియమం, చరిత్రలో ఎక్కడో ఒకచోట మనుషులు చెయ్యనిది ఏదీ నవల్లో పెట్టకూడదని. రుమేనియాలో 1966లో గర్భస్రావాల్ని నిషేధించి ఆడవాళ్ళని పిల్లల్ని కనమని ఒత్తిడి చేసిన చట్టం అలాంటి వాటిలో ఒకటి. నవల్లో పాలకుల ఇళ్ళకి పిల్లల్ని కని ఇవ్వడానికి పెట్టిన దాసీలకి చదవడం నిషేధం, సొంత పేరు ఉండదు, యజమాని పేరుతోనే పిలుస్తారు, కన్న బిడ్డని తీసేసుకుంటారు. ఇవన్నీ అమెరికాలో నల్లజాతి బానిస స్త్రీలకి జరిగినవే, బానిసలకి చదువు చెప్పడాన్ని నేరం చేసిన చట్టాలు దక్షిణాది రాష్ట్రాల్లో ఉండేవి. తెల్లవాళ్ళకి జరిగినట్టు రాస్తే డిస్టోపియా, నల్లవాళ్ళకి జరిగితే చరిత్ర పాఠంలో ఒక పేరానా అని అక్కడి విమర్శకులు అడిగారు, న్యాయంగానే అడిగారు. ఆ నవల వచ్చిన 1985లోనే, జూలైలో, మన అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, తాగే నీళ్ళని పాడు చెయ్యొద్దని మాదిగపల్లెవాళ్ళు అన్నందుకు మొదలైన గొడవ ఊచకోత దాకా వెళ్ళింది, ఆరుగురిని చంపారు. ఆ రోజు పల్లెలో ఉన్నవాళ్ళకి ఆ నవల్లోని గిలియడ్ రాజ్యాన్ని ఊహించుకోవడం కష్టమేం కాదు.

అలాగని ఆ నవలని తక్కువ చెయ్యను. అందులో ఒక పూట జరిగే సంగతి నన్ను ఇప్పటికీ వదల్లేదు. కథానాయిక సిగరెట్ల కోసం షాపుకి వెళ్తుంది, కార్డు పనిచెయ్యదు. నంబరు తప్పు కొట్టి ఉంటారనుకుంటుంది. లైబ్రరీలో ఉద్యోగానికి వెళ్తే, ఆడవాళ్ళందర్నీ తీసేయమన్నారని డైరెక్టర్ వణుకుతూ చెబుతాడు. సాయంత్రానికి తెలుస్తుంది, ఆడవాళ్ళ పేరు మీద ఉన్న అకౌంట్లన్నీ ఆగిపోయాయి, డబ్బు భర్తకో, దగ్గరి బంధువైన మగవాడికో పోతుంది. భర్త మంచివాడే, దగ్గరికి తీసుకుని నిన్ను నేను చూసుకుంటాను కదా అంటాడు. ఆ రాత్రి ఆమెకి ఒక అనుమానం వస్తుంది: ఇతనికి ఇది అంత కష్టంగా లేదేమో, కొంచెం బాగానే ఉందేమో. అడగలేకపోతుంది. తుపాకులు, ఉరికంబాలు నవలంతా ఉన్నాయి గానీ, నాకు వాటన్నిటికంటే ఎక్కువ భయం వేసింది ఆ అడగలేకపోవడం దగ్గరే.

ఈ నవలలన్నిట్లో మళ్ళీ మళ్ళీ వచ్చేవి ఏమిటని అడిగితే నిఘా, ప్రచారం, భాష కుదించడం, ప్రేమని నిషేధించడం అని ఎవరైనా చెబుతారు. నాకు ఇంకొకటి కనబడుతుంది, దాన్ని అంతగా పట్టించుకోరు. జనానికి నిషేధించిన పుస్తకం పాలించేవాడి బీరువాలో ఉంటుంది. హక్స్‌లీ నవల్లో ముస్తఫా మాండ్ తన ఐరన్ సేఫ్‌లోంచి బైబిల్ తీసి చూపిస్తాడు, షేక్స్‌పియర్ కూడా వచ్చు, చట్టం చేసేది నేనే కాబట్టి ఉల్లంఘించేదీ నేనే అంటాడు. 'ఫారెన్‌హీట్ 451'లో పుస్తకాలు తగలబెట్టే కెప్టెన్ బీటీ నోరు తెరిస్తే కవిత్వం. ఆర్వెల్ నవల్లో పాలక పార్టీ పెద్ద ఓబ్రయన్, పార్టీ శత్రువు గోల్డ్‌స్టీన్ పేరుతో ఉన్న తిరుగుబాటు గ్రంథం రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను అంటాడు. అట్‌వుడ్ నవల్లో దాసీ యజమాని అయిన కమాండర్ గదినిండా పుస్తకాలే, ఆ గదిలో దాసీతో దొంగతనంగా స్క్రాబుల్ ఆడతాడు, పాత ఫ్యాషన్ పత్రిక బహుమతిగా చూపిస్తాడు. వీళ్ళలో ఒక్కడూ మూర్ఖుడు కాదు. అందరికీ ఒక సీన్ ఉంటుంది, హీరోని కూర్చోబెట్టి, ఓపిగ్గా, ఒక్కోసారి ప్రేమగా, జనానికి స్వేచ్ఛ ఎందుకు అక్కర్లేదో వివరిస్తారు. ఆ వాదన అంత తేలిగ్గా కొట్టిపారేసేదిగా ఉండదు, మంచి రచయిత చేతిలో పడితే ఒక నిమిషం మనం కూడా నిజమే కదా అనుకుంటాం. ఆ నిమిషం రాకపోతే అది చవకబారు డిస్టోపియా.

బీటీ వివరణ అయితే మరీ చేదు. పుస్తకాల్ని మొదట ప్రభుత్వం నిషేధించలేదంటాడు. జనమే చదవడం మానేశారు, నవలలు కుదించి పేజీ చేశారు, పేజీని రెండు లైన్లు చేశారు, ఎవరికీ నొప్పి తగలకూడదని ఒక్కో పుస్తకం తీసేశారు, మంటలు ఆ తర్వాత వచ్చాయి. హీరో భార్య మిల్డ్రెడ్‌కి ఇంట్లో మూడు గోడల నిండా టీవీలున్నాయి, నాలుగోది కావాలి. రెండు వేల డాలర్లేగా అంటుంది. అది మొగుడి ఏడాది జీతంలో మూడో వంతు. అప్పటికి అమెరికా ఇళ్ళల్లోకి టీవీ వచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు, నవల వచ్చింది 1953లో.

ఇక్కడే మన 'కలికాలం' అనే మాటకీ దీనికీ పడదు. భాగవతం పన్నెండో స్కంధంలో కలియుగ వర్ణన ఉంది, డబ్బున్నవాడే మంచి కులంవాడు, మంచి నడవడికవాడు అవుతాడని. చదివితే నిన్నటి పేపర్లా ఉంటుంది. కానీ అందులో తప్పు కాలానిది. యుగం అలాంటిది, ధర్మం ఒంటికాలి మీద నడుస్తుంది, కల్కి వచ్చేదాకా భరించాలి. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' సినిమా డిస్టోపియాని మన దగ్గర ఇంత ఖర్చుతో చూపించింది కదా అని నేనూ మొదటి వారమే వెళ్ళాను. ఎండిన కాశీ, పైన గాల్లో తలకిందులుగా వేలాడే కాంప్లెక్స్, నీళ్ళూ పచ్చదనం అన్నీ పైవాళ్ళకే, కళ్ళు చెదిరాయి, అబద్ధం చెప్పను. అయినా అది చివరికి అవతారం కోసం ఎదురుచూసే కథ. జమ్యాతిన్, ఆర్వెల్ కథల్లో ఎవరూ రారు. ఎవరూ రారు కాబట్టే ఈ పరిస్థితి ఎవరు తెచ్చారన్న ప్రశ్న గట్టిగా మిగులుతుంది, దానికి జవాబు ఒక మీటింగు, ఒక సంతకం, ఒక క్లర్కు, క్యాంటీన్‌లో నమ్మేసిన పార్సన్స్. యుగం మీదికి తోసేసే వీలు లేదు.

ఇంకొకటి గమనించండి, ఈ కథల్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి రాసిపెడుతూ ఉంటారు. డి-503 రికార్డులు రాస్తాడు, విన్‌స్టన్ డైరీ రాస్తాడు, బ్రాడ్‌బరీ మనుషులు పుస్తకాల్ని బట్టీ పట్టి అడవుల్లో తిరుగుతారు, అట్‌వుడ్ నాయిక క్యాసెట్లలో మాట్లాడి దాస్తుంది. '1984' కథ విన్‌స్టన్ ఓటమితో ముగిసిపోతుంది గానీ, దాని తర్వాత న్యూస్పీక్ మీద, అంటే ఆ ప్రభుత్వం మాటలు కుదించి తయారుచేసిన భాష మీద, ఒక అనుబంధం ఉంది, అదంతా భూతకాలంలో రాసి ఉంటుంది, అంటే ఆ పాలన పోయాక ఎవరో రాస్తున్నట్టు. ఇది ఆర్వెల్ కావాలని పెట్టిన ఆశా కాదా అని ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు, నాకైతే కావాలనే పెట్టాడనిపిస్తుంది.

అట్‌వుడ్ చివర ఏ అనుమానమూ ఉంచలేదు. 2195 జూన్ 25న చరిత్రకారుల సదస్సు జరుగుతుంది, గిలియడ్ ఎప్పుడో పోయింది. (జూన్ 25 ఆర్వెల్ పుట్టినరోజు. 1975లో మన దగ్గర ఎమర్జెన్సీ పెట్టి, ఢిల్లీ పత్రికల ప్రెస్సులకి కరెంటు పీకేసిన రాత్రి కూడా జూన్ 25. అట్‌వుడ్‌కి రెండోది గుర్తుండి పెట్టిందనుకోను గానీ, మనకి కనబడుతుంది కదా.) దొరికిన ముప్ఫై క్యాసెట్లని బయటపెట్టిన ప్రొఫెసర్ స్టేజీ ఎక్కి, ఆడవాళ్ళ మీద రెండు జోకులేస్తాడు, హాలంతా నవ్వుతుంది. గిలియడ్‌ని మరీ కఠినంగా తప్పుబట్టకూడదు, అర్థం చేసుకోవాలి అంటాడు, చప్పట్లు. తర్వాత ఆయన అసలు బాధ చెబుతాడు: ఈమె ఇవన్నీ చెప్పే బదులు ఆ కమాండర్ కంప్యూటర్ నుంచి ఒక ఇరవై పేజీల ప్రింటు దొరికి ఉంటే ఎంత బాగుండేదో. మూడొందల పేజీలు ఆమె గొంతు విన్నాక మనకి ఆయన్ని కొట్టాలనిపిస్తుంది.

ఎవరైనా కొత్తగా మొదలుపెట్టాలనుకుంటే ఈ నవలతోనే పెట్టండి, చివర్లో అనుబంధం కదా అని ఆ సదస్సు పేజీలు మాత్రం వదిలేయకండి. '1984' మధ్యలో గోల్డ్‌స్టీన్ పుస్తకం వచ్చే పేజీలు మొదటిసారికి వదిలేసినా ఎవరూ ఏమీ అనరు, నేనైతే అస్సలు అనను.